నిలబడి చూసిన సినిమాలు: చలనచిత్రోత్సవంలో వాలంటీరుగా నా అనుభవం

ఆగస్టు 4న దరఖాస్తు నింపేటప్పుడు నా లెక్క చాలా తేలికగా ఉంది. ఏడు రోజుల చలనచిత్రోత్సవానికి డెలిగేట్ పాస్ కొనే స్తోమత నాకు లేదు. విద్యార్థులకిచ్చే రాయితీ పోగా మిగిలిన సొమ్ము కూడా నా రెండు నెలల చేతిఖర్చుకు సమానం. వాలంటీరుగా ఆరు షిఫ్టులు పనిచేస్తే తక్కిన వేళల్లో ఏ సినిమానైనా ఉచితంగా చూడవచ్చునని ప్రకటనలో ఉంది. షిఫ్టుకు ఐదు గంటలు పోయినా ఇరవై సినిమాలకు తక్కువ కాకుండా చూస్తానని కాగితం మీద కూడిక వేసుకున్నాను. మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూసినవి ఏడు. ఆ ఇరవై కాస్తా ఏడుకు ఎలా తరిగిపోయిందో వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టదలచిన విద్యార్థులకు తెలిస్తే మంచిదనిపించి ఇది రాస్తున్నాను.

దరఖాస్తులో చదువు, తెలిసిన భాషలు, ఖాళీగా ఉండే వేళలు అడిగిన తరువాత ‘మీకు సినిమా అంటే ఎందుకు ఇష్టం’ అన్న ప్రశ్న ఉండేది. దానికి రెండు రోజులు కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాను. ఇరవై మూడు రోజులపాటు ఏ కబురూ లేదు. ఇక రాదనుకుని ఆశ వదులుకున్నాక, ఆగస్టు 27 సాయంత్రం వాలంటీర్ల బాధ్యత చూసే సమన్వయకర్త గారు ఫోన్ చేశారు. నా ఒకటిన్నర పేజీ ఊసు ఆవిడ ఎత్తనేలేదు. “కూర్చోకుండా ఎంతసేపు నిలబడగలవమ్మా?” అన్నది మొదటి ప్రశ్న. రాత్రి పదకొండు దాటాక ఇంటికి చేరే ఏర్పాటు ఉందా అన్నది రెండోది. కోపంగా ఉన్న మనిషికి ఎదురుచెప్పకుండానే, ఆ మనిషిని లోపలికి పోనివ్వకుండా ఆపగలవా అన్నది మూడోది. మొదటిదానికి మూడు గంటలని గొప్పగా చెప్పాను. మొత్తం తొమ్మిది నిమిషాల సంభాషణ. సెప్టెంబరు 2న ఎంపికైనట్టు సందేశం వచ్చింది.

శిక్షణ సెప్టెంబరు 13న జరిగింది. మూడు గంటలన్నారు, నాలుగున్నర పట్టింది. ఉన్న అరవై మందినీ టికెట్ల బల్ల, అతిథుల రాకపోకలు, హాళ్ళు, సినిమా కాపీల విభాగం అని నాలుగు భాగాలుగా పంచారు. కాపీల విభాగానికి పాత వాలంటీర్లను ఇద్దరినే తీసుకున్నారు. నాకు హాలు పడింది. ఆ రోజు చెప్పినవాటిలో తరువాత నిజంగా అక్కరకు వచ్చినవి కొన్నే. టార్చి వెలుగు ఎప్పుడూ నేలమీదే పడాలి, మనిషి మోకాలు దాటి పైకి లేవకూడదు. సినిమా ఎలా ఉందని ఎవరైనా అడిగితే నిడివి, భాష, సబ్‌టైటిల్స్ గురించి చెప్పాలే తప్ప మన అభిప్రాయం చెప్పకూడదు. అత్యవసర ద్వారాల ముందు ఎవరినీ కూర్చోనివ్వకూడదు, అతిథులను కూడా.

చెప్పనిది బూట్ల సంగతి. చొక్కా వాళ్ళే ఇస్తారు, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు మనవే. నా దగ్గర లేవు గనుక కొన్నాను. ఉచితమనుకున్న ఉత్సవానికి నేను పెట్టిన మొదటి ఖర్చు అదే. కొత్త బూట్లను నేరుగా మొదటి రోజే తొడుక్కోవడం మాత్రం పూర్తిగా నా తెలివితక్కువతనం. రాత్రికి రెండు మడమలూ బొబ్బలెక్కాయి. రెండో రోజు నుంచి పాత బూట్ల మీద నల్ల పాలిష్ దట్టంగా పూసుకుని వెళ్ళాను, ఎవరూ గమనించలేదు.

పాసుతో పాటు చేతికిచ్చిన నిబంధనల కాగితాన్ని శిక్షణ రోజునే చదవవలసింది, ఉత్సవం ముందు రాత్రి చదివాను. వాలంటీరు పాస్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. డెలిగేట్లూ టికెట్ కొన్నవాళ్ళూ కూర్చున్నాక, ఆట మొదలవడానికి ఐదు నిమిషాల ముందు మిగిలిన సీట్లను బయట స్టాండ్‌బై వరుసలో ఉన్నవాళ్ళకు ఇస్తారు, ఆ తరువాత కూడా మిగిలితే మాకు. ప్రారంభ, ముగింపు చిత్రాలకు మాకు ప్రవేశం లేదు. షిఫ్టు మధ్యలో సినిమా చూడకూడదు, అయితే తలుపు లోపలివైపు నిలబడే డ్యూటీ పడితే తెర కనిపించకుండా చేయడం ఎవరి తరమూ కాదు కదా. ఇక ప్రయాణాలు మన ఖర్చే. రాత్రి చివరి ఆట ముగిసేసరికి బస్సులు ఉండవు గనుక నలుగురం కలిసి ఆటో మాట్లాడుకున్నాం. ఏడు రోజులకు నా వాటా కలుపుకుంటే బూట్ల ఖర్చును దాటింది.

ఉత్సవం సెప్టెంబరు 19 శుక్రవారం నుంచి 25 గురువారం వరకు. అందులో ఐదు రోజులు నాకు తరగతులు, సోమవారం ఉదయం ఒక ఇంటర్నల్ పరీక్ష. సెలవు చీటీతో పాటు నిర్వాహకుల లేఖ జతచేస్తే హాజరు ఇస్తామని కళాశాలలో అన్నారు. ఆ లేఖ కోసం మూడుసార్లు అడిగితే ప్రారంభానికి ముందురోజు సాయంత్రం అందింది. శిక్షణ రోజునే అడిగి ఉంటే అంత పరుగు ఉండేది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

షెడ్యూలు చేతికొచ్చిన రాత్రి మూడు రంగుల పెన్సిళ్ళతో కూర్చున్నాను. నా షిఫ్టులు ఎరుపు, తప్పక చూడాలనుకున్నవి నీలం, వీలైతే చూసేవి ఆకుపచ్చ. నాలుగు హాళ్ళు, రోజుకు ఒక్కో హాల్లో ఐదు ఆటలు. నీలం గళ్ళలో సగానికి సగం ఎరుపుమీద పడ్డాయి. ప్రతి సినిమాకూ రెండు ఆటలుంటాయని, ఒకటి తప్పితే రెండోది అందుకోవచ్చునని ధైర్యం తెచ్చుకున్నాను. ఒక హాలు నుంచి మరో హాలుకు నడవడానికి పట్టే సమయం, సినిమా తరువాత దర్శకులతో జరిగే ప్రశ్నోత్తరాలు సాగినంతసేపు సాగడం, స్టాండ్‌బైలో అరగంట ముందు నిలబడవలసి రావడం, వీటిలో ఏదీ నా పట్టికలో లేదు.

మొదటి రోజు ప్రారంభ చిత్రాన్ని నేను తలుపు అవతలినుంచి విన్నాను. చూడటం కాదు, వినడమే. రెండు గంటలకు పైగా మూసిన తలుపుకు వీపు ఆనించి నిలబడితే సంగీతంలోని గంభీర స్వరాలు మాత్రం చెక్కగుండా వెన్నులోకి దిగేవి, మాటలు వినబడేవి కావు. జనం ఒక్కసారిగా నవ్వినప్పుడు లోపల ఏమైందో తెలియక నేను కూడా ఊరికే నవ్వాను. గంటా యాభై నిమిషాలకు కాళ్ళు నావి కావనిపించింది. ఫోన్లో చెప్పిన మూడు గంటలు గుర్తొచ్చి సిగ్గేసింది.

హాలు పనిలో నేను ముందుగా ఊహించనిది లెక్కపెట్టడం. ప్రతి ఆటకూ, మొదలైన ఇరవై నిమిషాలకు, లోపల ఎంతమంది ఉన్నారో లెక్కించి కాగితం మీద రాయాలి. ఆ సంఖ్య సినిమా ఇచ్చినవాళ్ళకూ వెళుతుందట. బొటనవేలితో నొక్కితే అంకె పెరిగే చిన్న లోహపు యంత్రం ఒకటిచ్చారు. మొదటిసారి మనుషులను లెక్కపెట్టబోయి నూట పది దగ్గర తప్పిపోయాను. మా జట్టు పెద్ద చూసి “మనుషులను కాదు, ఖాళీలను లెక్కపెట్టు, మొత్తంలోంచి తీసెయ్” అన్నాడు. అది సులువే, చీకటి లేకపోతే. తెర మీద రాత్రి దృశ్యం నడుస్తుంటే వెనక వరుసలు బొత్తిగా కనబడవు. పక్కదారిలో గోడకు అంటుకుని, కథలో తెల్లవారేదాకా ఆగి, ఎండ పడిన దృశ్యం రాగానే సీట్ల వీపులన్నీ ఒక్కసారిగా వెలిగిన ఆ కొద్ది క్షణాల్లో గబగబా లెక్కపెట్టేయాలి. ఒక సినిమాలో ఎంతకూ తెల్లవారలేదు. నలభై నిమిషాలు కాచుకుని, చివరికి ఒక పాత్ర అగ్గిపుల్ల గీసి మంట పెడితే ఆ వెలుగులో లెక్క పూర్తి చేశాను. కథ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు, ఆ మంట వెలుగులో ఖాళీ సీట్లు అరవై ఏడు అన్నది మాత్రం తెలుసు.

ఆటకూ ఆటకూ మధ్య ఇరవై నిమిషాల వ్యవధి. ప్రశ్నోత్తరాలు పది నిమిషాలు మింగేస్తే మిగిలిన పదిలో హాలు ఖాళీ చేయించి, సీట్ల కింద చూసి, మరిచిపోయిన వస్తువులను సంచిలో వేసి, కొత్త జనాన్ని కూర్చోబెట్టాలి. గొడుగులు, కళ్ళద్దాలు, ఒకే చెవిపోగు, ఒకసారి డాక్టరు చీటీతో సహా మందుల పొట్లం. ఆ మందుల మనిషి కోసం నేను స్టాండ్‌బై వరుస మొత్తం తిరిగాను. అతను మరో హాల్లో సినిమా చూస్తూ దొరికాడు.

మూడో రోజు, ఆదివారం సాయంత్రం ఆరున్నర ఆట ఈ అనుభవం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది. హాలు నిండిపోయింది, దాదాపు నూట ఎనభై మంది. ఆరున్నర దాటింది, తెర నల్లగానే ఉంది. ఆరూ నలభైకి వాకీటాకీలో “రెండో హాలు, తాళం తెరుచుకోవడం లేదు” అన్న మాట వినిపించింది. ఏదో తలుపు తాళమనుకుని నేను తాళాల గుత్తి పట్టుకుని ప్రొజెక్షన్ గదికి పరుగెత్తాను. ఆపరేటరు నా చేతిలోని గుత్తిని చూసి అంత కంగారులోనూ నవ్వాడు.

అతను చెప్పగా తెలిసింది ఇది. ఇప్పుడు సినిమాలు రీళ్ళలో రావు. డీసీపీ అనే డిజిటల్ ప్యాకేజీ హార్డ్ డిస్కులో వస్తుంది, పూర్తి నిడివి చిత్రం తరచు నూరు గిగాబైట్లు దాటుతుంది. దాన్ని హాలు సర్వరులోకి ముందే ఎక్కించుకోవాలి. చాలా సినిమాలకు దొంగతనం జరగకుండా తాళం ఉంటుంది. ఆ తాళం తీసే కేడీఎం అనే చిన్న ఫైలును పంపిణీదారులు విడిగా పంపుతారు. అది ఫలానా సర్వరుకు, ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మాత్రమే పనిచేస్తుంది. ఒక్క నిమిషం ముందు నొక్కినా సినిమా కదలదు. మా సినిమా మొదట సోమవారానికి వేశారట, తరువాత ఆదివారానికి జరిపారు. తాళంచెవిలో తేదీ మార్చమని అడగడం కార్యాలయంలో ఎవరో మరిచారు. సినిమా సర్వరులో ఉంది, ప్రేక్షకులు సీట్లలో ఉన్నారు, అనుమతి మాత్రం రేపటిది.

పంపిణీదారులు ఉన్న దేశంలో అప్పటికి మధ్యాహ్నమే గానీ ఆదివారం గనుక కార్యాలయంలో ఎవరూ లేరు. కాపీల విభాగంలోని ఇద్దరూ రెండు ఫోన్లు పట్టుకుని తెలిసిన ప్రతి నంబరుకూ కొట్టారు. హాల్లోకి వెళ్ళి జనానికి చెప్పవలసిన పని, అప్పుడు చేతిలో మైకు ఉన్న పాపానికి, నాది అయింది. ‘సాంకేతిక కారణాల వల్ల’ అని మొదలుపెట్టగానే వెనకనుంచి ఈలలు. అప్పుడేమనిపించిందో, ఉన్నదున్నట్టు చెప్పేశాను. సినిమాకు తాళం ఉందని, ఆ తాళంచెవి రేపటి తేదీతో వచ్చిందని, కొత్తది అడిగామని, ఎంతసేపు పడుతుందో మాకే తెలియదని. ఆశ్చర్యంగా ఈలలు ఆగిపోయాయి. ముందు వరుసలో ఒకాయన తాళంచెవి ఎంత పెద్దదని అడిగాడు, అది ఈమెయిల్లో వచ్చే చిన్న ఫైలని చెబితే హాలంతా నవ్వింది. కొత్త ఫైలు అందేసరికి యాభై రెండు నిమిషాలు గడిచాయి. వెళ్ళిపోయినవాళ్ళు పాతికమందికి మించరు. తాళం తెరుచుకుని మొదటి దృశ్యం తెరమీద పడినప్పుడు వచ్చినన్ని చప్పట్లు ఆ సినిమా ముగింపుకు రాలేదు. సాంకేతిక కారణాలు అన్న మాటను ఆ రోజు నుంచి నేను వాడలేదు. జట్టు పెద్ద మాత్రం అంత వివరంగా చెప్పడం అవసరమా అని మందలించాడు. అవసరమేనని నా అభిప్రాయం.

ఆ తరువాతి రోజు ఉదయం పరీక్ష రాసి, మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చాను. పరీక్ష ఎలా రాశానో ఇక్కడ చెప్పే అవసరం లేదు.

ఐదో రోజు జరిగినది ఇంకా మనసులో కలుక్కుమంటూనే ఉంది. స్టాండ్‌బై వరుసలో మొట్టమొదట ఒక పెద్దాయన గంటన్నర ముందు నుంచి నిలబడి ఉన్నారు. చేతిలో షెడ్యూలు కాగితం నాలుగు మడతలు పెట్టి, పేజీ అంచున పెన్సిలుతో గుర్తులు. ఆయన్ను అంతకుముందు కూడా రెండుమూడు ఆటల్లో చూశాను, ఎప్పుడూ ఎడమవైపు చివరి సీటే ఎంచుకునేవారు. ఆ రోజు హాలు నిండిందని బల్ల దగ్గర నుంచి కబురు వస్తే, “సీట్లు లేవు, తాతగారూ” అని నేనే చెప్పాను. “పోనీలే అమ్మా, రేపు రెండో ఆటకు వస్తాను” అని ఆయన వెళ్ళిపోయారు. ఇరవై నిమిషాల తరువాత లెక్కకు లోపలికి వెళితే మధ్య వరుసల్లో పద్నాలుగు సీట్లు ఖాళీ. వాటి వీపులకు ‘రిజర్వుడు’ కాగితాలు వేలాడుతున్నాయి. విరాళమిచ్చినవారి కోసం పక్కన పెట్టినవి, వాళ్ళు రాలేదు. ఆట మొదలయ్యాక అలాంటి సీట్లను వదిలేయాలా వద్దా అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. మరునాడు రెండో ఆటకు నేను కావాలనే ఆ హాలు డ్యూటీ అడిగి తీసుకున్నాను. ఆయన రాలేదు.

చూసిన ఏడు సినిమాల్లో నాలుగింటిని హాయిగా చూశాను. ఒకదానిలో మూడొంతులు నిద్రపోయాను, దాన్ని లెక్కలో చేర్చడం నిజాయితీ కాదేమో గానీ సీట్లో అయితే ఉన్నాను. అన్నిటికంటే బాగా నచ్చినది నీలం గళ్ళలో లేదు, ఆకుపచ్చలోనూ లేదు. రెండు గంటల ఖాళీ దొరికి, కూర్చోవడానికి చోటు కావాలన్న ఒక్క కారణంతో వెళ్ళిన మధ్యాహ్నపు ఆట అది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను, నాతో కలిపి ముప్పై ఒక్క మంది. సినిమా ముగిశాక దర్శకురాలు అంత పెద్ద హాల్లో మైకు వద్దని చెప్పి, మమ్మల్నందరినీ ముందు మూడు వరుసల్లోకి పిలిచి, తెర అంచున కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడారు. తలుపు దగ్గర డ్యూటీలో ఉన్న అమ్మాయి చేతి గడియారం చూపిస్తూ నా వంక దీనంగా చూసింది. ఆ చూపు నేను రోజూ చూసేదే గనుక, అందరికంటే ముందు లేచింది నేనే.

ఆరో రోజు రాత్రి ఓట్ల లెక్కకు పిలిచారు. ప్రేక్షకుల బహుమతికి ప్రతి ఆటకూ చీటీలు పంచుతాం. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి, ఇచ్చే అంకె దగ్గర చీటీని చింపి పెట్టెలో వేయాలి. చీకట్లో పెన్ను వెతుక్కునే పని ఉండదు, అదీ అందులోని తెలివి. కుప్పలు పోసి లెక్కపెట్టడానికి ఆరుగురికి మూడున్నర గంటలు పట్టింది. రెండు అంకెల మధ్య చింపినవి, నాలుగు వైపులా చింపినవి, ఎవరో పడవ చేసి వేసినవి, అన్నిటికీ తీర్పు చెప్పాలి. మొత్తం మార్కులు కాక సగటు తీస్తారని అప్పుడే తెలిసింది. లేకపోతే పెద్ద హాల్లో ఆడిన సినిమాయే ఎప్పుడూ గెలుస్తుంది. అయితే మా ముప్పై ఒక్కమంది సినిమా సగటులో అన్నిటికంటే పైన ఉన్నా, కనీసం ఇన్ని చీటీలు ఉండాలన్న నియమం వల్ల పోటీలో నిలవలేదు. నా మొహం చూసి సమన్వయకర్త గారు, 1932లో వెనిస్‌లో జరిగిన మొదటి చలనచిత్రోత్సవంలో జ్యూరీయే లేదని, ఏది నచ్చిందని ప్రేక్షకులనే అడిగారని చెప్పారు. ఓదార్పుగా చెప్పారో, పని ఆపకుండా ఉండటానికి చెప్పారో తెలియదు. అప్పటికి రాత్రి ఒంటిగంట.

చివరి రోజు ముగింపు చిత్రం నడుస్తుండగానే బయట మేము బల్లలు మడిచాం, బోర్డులు విప్పాం. వాకీటాకీలు, టార్చీలు, లెక్కల యంత్రం తిరిగి ఇచ్చి సంతకం పెట్టాం. నా యంత్రం మీద ఉన్న 0212 అనే అంకెను సున్నాకు తిప్పి మరీ తీసుకున్నారు. చొక్కా మనకే. బ్యాడ్జి కూడా మనకే, కాకపోతే దాన్ని మెడకు వేలాడదీసే పట్టీని వచ్చే ఏటికి దాచుకుంటామని విప్పి పుచ్చుకున్నారు.

సర్టిఫికెట్ పది రోజుల్లో అన్నారు, నలభై ఒకటో రోజున వచ్చింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. సరిచేయమని పంపితే మరో పన్నెండు రోజులు. కళాశాలలో ఐదు రోజుల హాజరుకు నాలుగు రోజులే ఇచ్చారు, లేఖలో గురువారం తేదీ రాయలేదన్నది కారణం. దాని కోసం మళ్ళీ రాశాను, ఇంకా జవాబు రాలేదు. సమన్వయకర్త గారు ఫోన్ చేసినప్పుడు వచ్చే ఏడు కూడా హాలేనా అని అడిగారు. కాపీల విభాగం కావాలన్నాను. అక్కడ సినిమాలు అసలు కనబడవు కదమ్మా అన్నారు ఆవిడ. తేదీలు సరిచూసే మనిషి ఒకరు ఉండాలి కదా అన్నాను.